తాటిదూలాలకు పద్దు లేదు

మా ఎమ్మెల్యే గారు ఏ సభకూ వేళకు రారు. అది ఆయన తప్పు కాదు. వేళకు వచ్చేస్తే ఆయన కోసం ఎదురుచూసినవాళ్ళంటూ ఉండరు, ఎదురుచూసినవాళ్ళు లేనివాణ్ణి నాయకుడని ఎవరూ అనరు. ఆయన వచ్చేలోగా జనం లేచిపోకుండా కుర్చీలకు అతికించి ఉంచడం నా పని. నాకు ఒక మైకు సెట్టూ, దాన్ని మోసే పాత ఆటోవూ ఉన్నాయి. మామూలు రోజుల్లో గరివిడి, నెల్లిమర్ల వైపు తిరిగి చీరల తగ్గింపు అమ్మకాలూ, పోయినవాళ్ళ పెద్దకర్మలూ ఒకే గొంతుతో చాటుతుంటాను. ఎమ్మెల్యే గారి సభ ఉంటే మాత్రం స్టేజీ ఎక్కుతాను. సర్పంచి మీసం మీద ఒక జోకు, పంచాయతీ కార్యదర్శి బొజ్జ మీద ఒకటి వేసి, ఆఖరున నా మీద నేనే వేసుకుంటాను. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి గనక నా మీద సరుక్కి లోటు లేదు. "నేను బడి మానేసిన రోజున మా మేష్టారు కొబ్బరికాయ కొట్టారు" అంటే ముసలమ్మలు కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటారు.

అందరూ అలా నవ్వుతుండగా ఎమ్మెల్యే గారి కారు వస్తుంది. దిగుతూనే ఆయనకు కనబడేవి నవ్వు మొహాలు. నియోజకవర్గమంతా సుఖంగా ఉందని ఆయనకున్న నమ్మకంలో నా కష్టం చాలా ఉంది.

మా అప్పను (మా వైపు అక్కను అలాగే అంటాం) గెడ్డ అవతలి ఊరికి ఇచ్చారు. గరివిడి దాటి లోపలికి వెళితే వస్తుంది. గెడ్డంటే పెద్ద ఏరేం కాదు. ఎండాకాలం అందులో మేకలు పడుకుంటాయి, వానాకాలం ఆ మేకల్నే ఎత్తుకుపోతుంది. ఊరు ఆ ఒడ్డున, తారురోడ్డు ఈ ఒడ్డున. తెల్లవారుతూనే పాలవ్యాను రోడ్డు మీదికి వస్తుంది, ఎవరి కోసమూ కాచుకోదు. అప్పావాళ్ళకు కాస్త మెట్టభూమి ఉంది గాని అది పెళ్ళి సంబంధాలప్పుడు చెప్పుకోవడానికి. ఇల్లు నడిచేది గేదెల మీద.

గెడ్డ సన్నబడే చోట బావ తన గట్టుమీది తాటిచెట్లు రెండు కొట్టి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దూలాలు వేశాడు. అక్కడ ఒడ్డులు ఎత్తు గనక ఎంత వాన వచ్చినా నీళ్ళు కిందినుంచే పోయేవి. ఆ దూలాల మీద నెత్తిన పాలక్యాను పెట్టుకుని అప్ప నడిచి వస్తుంటే నేను ఇవతల నిలబడి ఎన్నిసార్లు చూశానో. ఒక చెయ్యి క్యాను మీద, ఒక చెయ్యి గాల్లో. నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"ఏటిరా అలా సూస్తన్నావు? పడితే నవ్వుదామనేటి?"

"నువ్వు పడితే గెడ్డకే దెబ్బ అప్పా."

"పళ్ళు రాలగొడతాను. ఎమ్మెల్యే పక్కన నిల్చోని అంతలేసి పళ్ళికిలిస్తావు కదా, ఒక్క వంతెన అడగలేవేటి? ఈ దూలాలు ఎన్నాళ్ళుంటాయి? రేపు నా కోడలు కూడా ఇలాగే ఆటలాడాలేటి?"

అడిగాను. ఎమ్మెల్యే గారు వచ్చారు. ఇక్కడ నేను అబద్ధం చెప్పకూడదు, ఆయన నిజంగానే వచ్చారు. చెప్పులు చేతిలో పట్టుకుని, దూలాల మీద అవతలిదాకా నడిచారు. మధ్యలో తూలబోతే బావ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అవతల దిగి, పంచె సర్దుకుని, "ఇది మనుషులు నడిసేదేటిరా? ఆడోళ్ళు రోజూ దీని మీద నడుస్తన్నారా?" అన్నారు. ఆ మాటలో నటన లేదు. నటనంటే నాకు తెలుసు, నేను దాని మీదే బతుకుతున్నాను.

వెంట వచ్చిన ఇంజనీరు ఫోనుతో ఫొటో తీయబోయి, దించేశాడు.

"సార్, ఒక ఇబ్బందుంది. ఫొటోలో ఈ దూలాలు పడుతున్నాయి."

"పడితే?"

"దాటడానికి ఏదో ఒకటి ఉందని పైవాళ్ళకు తెలిస్తే ఇది మరమ్మతు కిందికి పోతుంది సార్. మరమ్మతు పద్దులో ఏనాడూ ఏమీ ఉండదు. అసలు దారే లేదంటే కొత్త పని అవుతుంది. నిధులిచ్చేది కొత్త పనికే."

బావకు ఇది ఒక పట్టాన ఎక్కలేదు. "అంటే ఏటి బాబూ? మావు దాటతన్నట్టు ఉండకూడదా?"

ఎమ్మెల్యే గారు బావ భుజం మీద చెయ్యి వేశారు. "దాటండి మావా. ఫొటోలో దాటకండి."

అందరూ ఘొల్లుమన్నారు. ఆ జోకు నాది కాదు. నాదైతే బాగుండుననిపించింది.

మా వైపు ఇది కొత్త సంగతేమీ కాదు. పింఛను కోసం తనిఖీకి వస్తున్నారంటే ముసలాయన చేతి గడియారం బియ్యం డబ్బాలో దాక్కుంటుంది. ఇంటి మంజూరుకు ఫొటో తీస్తారంటే ఉన్న రేకులు దింపి పక్కింట్లో పెడతారు. ఎంత లేనట్టు కనబడితే అంత వస్తుంది. కాకపోతే అవన్నీ ఒక్కొక్క ఇంటి వేషాలు. ఊరు మొత్తం కలిసి వేషం కట్టడం నేను చూసింది ఆ రోజే. గెడ్డ అప్పుడు పొడిగా ఉంది. తాళ్ళు కట్టి, ఎడ్లను పూన్చి, కేకలు వేసుకుంటూ దూలాల్ని లాగి ఒడ్డున పడేశారు. అప్ప మజ్జిగ పంచింది. సొంత చేతులతో సొంత దారి తీసేసుకుంటూ అంత సంబరపడ్డ ఊరిని నేను మరెక్కడా చూడలేదు.

ఇంజనీరు ఫొటో తీశాడు. చాలా బాగా వచ్చింది. అందులో ఏమీ లేదు.

తర్వాత ఎమ్మెల్యే గారు బావనూ నన్నూ వెంటబెట్టుకుని సచివాలయానికి బయల్దేరారు. కార్లో వెనక సీటు నిండా పలాస జీడిపప్పు పొట్లాలు. ఎవరికండీ అంటే, "తలుపుల దగ్గరుంటారు కదరా, వాళ్ళకి" అన్నారు.

మా ఊళ్ళలో ఆయన కారు దిగితే మనుషులు రెండుగా చీలి దారిస్తారు. మంత్రి గారి గది బయట అదే మనిషి, చంకలో కాగితాల సంచితో, గోడవారన ప్లాస్టిక్ కుర్చీ అంచు మీద కూర్చున్నారు. తలుపు తెరుచుకుంటే లేస్తారు, మూసుకుంటే కూర్చుంటారు. మా ఊరి ముసలమ్మలు ఆయన అరుగు మీద ఎలా కూర్చుంటారో, అచ్చం అలాగే. మధ్యాహ్నం దాటినా పిలుపు రాలేదు. అటెండరు జీడిపప్పు పుచ్చుకున్నాడు గాని లోపలికి వెళ్ళలేదు.

ఎమ్మెల్యే గారు నా చెవిలో అన్నారు: "ఒరే, నాలుగు ముక్కలు మాటాడరా. ఆడి మొహం కొంచెం ఇప్పుకోవాలి."

నేను అటెండరు దగ్గరికి వెళ్ళాను. "బాబూ, మాది గెడ్డ అవతల ఊరు. ఆ గెడ్డ దాటడానికి తాటిదూలాలైనా ఉండేవి. మీ గుమ్మం దాటడానికి అవి కూడా లేవు. రెండు తెచ్చి వెయ్యమంటారా?"

అటెండరు నవ్వేశాడు. ఎమ్మెల్యే గారు మాత్రం నా కాలు తొక్కేశారు. మరి ఫైల్లో దూలాలు లేవు కదా! అయినా నవ్విన మనిషి ఊరుకోలేకపోయాడు, లోపలికి వెళ్ళి మా పేరు చెప్పాడు. కాసేపటికి ఎమ్మెల్యే గారు బయటికి వచ్చి, బావ చేతులు రెండూ పట్టుకుని, "అయిపోయింది మావా, ఇచ్చేసినారు" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు. తిరుగు దారిలో అందరం జీడిపప్పు తిన్నాం, మిగిలిన పొట్లం.

జీవో వచ్చిన రోజున ఊళ్ళో ఎమ్మెల్యే గారి ఫ్లెక్సీ కట్టారు. వంతెన రాకముందే దండం పెట్టేయడం మా ఆచారం. వచ్చాక పెట్టే అవకాశం ఉంటుందో ఉండదో ఎవరికి తెలుసు. ఫ్లెక్సీకి పాలాభిషేకం చెయ్యాలన్నారు. పాలు ఎవరివి? అప్ప ఆ పొద్దుటి క్యాను వ్యానుకు వెయ్యకుండా ఉంచేసింది. నిచ్చెనెక్కి తనే పోసింది. పాలు ఎమ్మెల్యే గారి నుదుటి మీంచి మీసాల మీంచి కారి మట్టిలోకి ఇంకిపోతుంటే నేను మైకులో, "అయ్యగారికి వెన్న తీసిన పాలు పొయ్యప్పా, ఇప్పటికే లావైపోతన్నారు" అన్నాను. బాగా పేలింది.

శంకుస్థాపన కూడా అయిపోయింది. నల్లరాయి మీద పేర్లు చెక్కి ఈ ఒడ్డున నిలబెట్టారు. ఆ మర్నాడే బావ దూలాలు తిరిగి వేసుకుంటామని ఇంజనీరుకు ఫోను చేశాడు. "తొందరపడకండి. పైనుంచి ఇంకొకసారి చూడటానికి వస్తారు. అప్పుడు దూలాలు కనబడితే మంజూరే ఎగిరిపోతుంది" అన్నాడాయన. దూలాలు ఒడ్డునే ఉండిపోయాయి. గెడ్డ ఇంకా పొడిగానే ఉంది గనక ఎవరికీ బెంగ లేదు.

కాంట్రాక్టరు వచ్చాడు. గెడ్డ సన్నగా ఉన్న ఆ చోటనే, రెండు ఒడ్డులూ తవ్వి పునాదులకు పెద్ద గోతులు తీశాడు. తర్వాత మిషనూ కనబడలేదు, మనిషీ కనబడలేదు. పాత పనుల బిల్లులే రాలేదట, కొత్త పనికి సిమెంటు ఎక్కణ్ణుంచి తెస్తానన్నాడట. ఊరివాళ్ళు గోతులు పూడ్చబోతే అతని మనిషొకడు వచ్చి, సర్కారు పని నడుస్తున్న చోట చెయ్యి పెడితే కేసవుతుందని బెదిరించి పోయాడు.

వానలు దిగాయి. ఒక పొద్దున గెడ్డ, తవ్వి పల్లం చేసిన ఒడ్డులు దాటి వచ్చి గోతుల్ని ఇంకా వెడల్పు చేసింది. దూలాల్ని కూడా తీసుకుపోయింది. బావ ఒడ్డు వెంట పరుగెత్తాడు గాని అందలేదు. కింద ఎక్కడో ఒక ఊరివాళ్ళు వాటిని పట్టి, తమ గెడ్డ మీద అడ్డంగా వేసుకున్నారని తర్వాత తెలిసింది. అది నిజమైతే మా ఎమ్మెల్యే గారి నియోజకవర్గంలో ఆ ఏడు పూర్తయిన వంతెన అదొక్కటే. మళ్ళీ వేద్దామంటే బావ గట్టు మీద మిగిలినవి మనిషెత్తు కూడా లేని పిల్లచెట్లు.

ఆ వానాకాలం అప్ప ఇంట్లో పాలు విరగని రోజు తక్కువ. చుట్టూ తిరిగి రోడ్డెక్కేసరికి వ్యాను వెళ్ళిపోయేది. పెరుగు చేసింది, నెయ్యి కాచింది. గేదెలున్న ఊళ్ళో పెరుగు ఎవరు కొంటారు? చివరికి దూడలకే తాగించేసింది. "నా దూడలు రాజుల్లా బతుకుతన్నాయిరా" అనేది. వ్యానులో పాలు పోయకపోతే పాలకేంద్రం వాళ్ళు ఇచ్చే దాణా ఆగిపోతుంది, దాణా లేకపోతే పాలు తగ్గుతాయి. ఈ లెక్క చెయ్యడానికి ఏడో తరగతి కూడా అక్కర్లేదు. ఇంకో వానాకాలం ఇలాగే ఉంటే గేదెలు కొట్టంలో ఉండవని అప్పకు తెలుసు, బావకు తెలుసు.

నేను ఎమ్మెల్యే గారి ఇంటికి వెళ్ళాను. అరుగు నిండా జనం. ఒకరికి ఆసుపత్రి ఉత్తరం, ఒకరికి బదిలీ, ఒకరికి బోరు. ఆయన కాఫీ చల్లారిపోయి మీగడ కట్టింది. నన్ను చూడగానే, "నవ్వించడానికి ఒచ్చేవా, అడగడానికి ఒచ్చేవా?" అన్నారు.

"అడగడానికే బాబూ."

"అయితే నానే నవ్విస్తాను, విను. నాను తెచ్చేది మంజూరురా, డబ్బు కాదు. రెండూ ఒకటేనని మీరనుకుంటన్నారు. మొదట్లో నానూ అలాగే అనుకున్నాను." కాఫీ మీది మీగడ వేలితో తీసి పారేశారు. "మళ్ళీ ఎల్తాను. మళ్ళీ ఆ కుర్సీలోనే కూకుంటాను. ఏటి సెయ్యమంటావు సెప్పు?"

ఆయన మీద కోపం తెచ్చుకుందామని వెళ్ళినవాణ్ణి, అదీ కుదరక ఖాళీ చేతులతో వచ్చేశాను. కోపం ఎవరి మీద పెట్టాలో తెలియకపోవడమంత దరిద్రం ఇంకోటి లేదు.

ఎండలు ముదిరాక, రోడ్డు వైపు ఊళ్ళో బస్సు షెల్టరు ప్రారంభానికి సభ పెట్టారు. నాది మైకు. గెడ్డ ఎండిపోయింది గనక అప్ప ఊరినుంచి కూడా జనం వచ్చారు. అప్ప ముందు వరసలో కూర్చుంది. నేను ఎప్పటిలాగే బస్సు షెల్టరు మీద వేశాను: "ఇన్నాళ్ళూ బస్సు కోసం ఎండలో ఎదురుచూసేవాళ్ళం, ఇకమీద నీడలో ఎదురుచూద్దాం. బస్సు సంగతి అడక్కండి." జనం ఊగిపోయారు. ఎమ్మెల్యే గారు వచ్చారు, రిబ్బను కత్తిరించారు. మాట్లాడటం అయ్యాక, "ఎవరికేటి కావాలో సెప్పండమ్మా" అన్నారు.

అప్ప లేచి నిలబడింది. ఎవరో మైకు అందించారు.

"బాబూ, మాకు వంతెన ఒద్దు."

జనం మెడలు తిప్పి ఆమె వైపు చూశారు.

"ఆ గోతులు పూడిపించీసి, మా తాటిదూలాలు మాకు ఇప్పించీయండి. అంతే. వంతెన మీరే ఉంచుకోండి."

ఎవరో వెనకనుంచి కిసుక్కున నవ్వారు. ఎమ్మెల్యే గారు కూడా నవ్వారు. ఆయన ఆ పూట మంచి హుషారులో ఉన్నారు. "ఓలమ్మా! సిమెంటు అడుగు, ఇనప గడ్డర్లు అడుగు. తాటిదూలాలకి పద్దు లేదమ్మా! మరి నాను ఏ మంత్రిని అడగాలి?"

ఇక నవ్వులే నవ్వులు. ఆయన నావైపు తిరిగారు. "నీ అప్పేనట కదరా? ఎన్నాళ్ళబట్టి నేర్పుతన్నావు? ఇంటిల్లిపాదీ ఇదే పనేటి!"

"నవ్వుతాలకి అన్లేదు బాబూ" అంది అప్ప. మొహంలో ఒక్క గీత కదల్లేదు. జోకు చెప్పేటప్పుడు నా మొహం కూడా అచ్చం అలాగే ఉంటుంది. జనానికి అది తెలుసు. ఈలలు వేశారు.

నేను మైకు లాక్కున్నాను. "ఇది జోకు కాదు. మా అప్ప నిజంగానే అడుగుతోంది. గేదెలు పోతాయి. దయచేసి వినండి."

నా జన్మలో ఏ సభలోనూ అంత నవ్వు నేను రప్పించలేదు. కుర్చీల్లోంచి పడిపోయారు. ఎమ్మెల్యే గారు కళ్ళు తుడుచుకుంటూ కండువా తీసి అప్ప భుజాల మీద కప్పారు, చప్పట్లు కొట్టించారు. అప్ప కండువాతో అలా నిలబడే ఉంది. నావైపు ఒకసారి చూసి కూర్చుంది.

ఎవడో దాన్ని ఫోనులో తీశాడు. సాయంత్రానికల్లా శ్రీకాకుళం దాకా పాకిపోయింది. కింద రకరకాల నవ్వు బొమ్మలు. అప్పా తమ్ముళ్ళు ఇరగదీశారట.

మళ్ళీ మబ్బులు పట్టే లోపలే గేదెల్ని అలమండ సంతకు తోలాం. అప్ప తనే వచ్చింది. దళారి ఒకడు పొదుగులు పట్టి చూసి, "ఇంత పాడిని ఎందుకమ్ముకుంటన్నావు తల్లీ?" అంటూ మొహంలోకి చూసి ఆగిపోయాడు. "నువ్వు తాటిదూలాల అమ్మవి కదేటి? మా ఇంటిదానికి నువ్వంటే పేణం. ఆ మాట ఒక్కసారి అనమ్మా, ఫోన్లో పట్టుకుంటాను."

అప్ప పలుపు అతని చేతిలో పెట్టి, కొంగుతో గేదె మొహం మీది ఈగల్ని తోలింది.

మొన్న ఎమ్మెల్యే గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. పెద్ద సభ ఉందట, ఈసారి అప్పను కూడా స్టేజీ ఎక్కించమన్నారు. ఫోను చేస్తే అప్ప ఎత్తదు. ఆ వీడియో తర్వాత ఎత్తడం మానేసింది. ఆటో వేసుకుని గెడ్డ దాకా వెళ్ళాను. గెడ్డ నిండుగా ఉంది, ఎర్రగా పారుతోంది. నల్లరాయి మొదట్లోకి నీళ్ళు వచ్చేశాయి. అవతల అప్ప అంట్లు తోముకుంటోంది. అరిస్తే వినబడదని మైకు తీశాను.

"అప్పా! ఎమ్మెల్యే గారు నిన్ను సభకి రమ్మంటన్నారు!"

అప్ప లేచి, తడిచేతులు చీరకు తుడుచుకుని, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది. ఆ హోరులో ఆమె గొంతు నాకు సరిగ్గానే వినబడింది.

"వస్తానని సెప్పురా! ఎలాగ రావాలో కనుక్కోని సెప్పమను!"

నేను మైకు ఆపేశాను. అప్ప మళ్ళీ కూర్చుని, ఖాళీ పాలక్యానులో నీళ్ళు పోసి తోమడం మొదలుపెట్టింది.